ఏడవని ఓడ

మా అత్తగారికి ఆకాశం పిచ్చి. సాయంత్రమైతే చాలు, కోడళ్ళని రాచిరంపాన పెట్టే అత్తల సీరియళ్ళు ముందేసుకుని కూర్చునే అత్తగార్లు ఇంటింటికీ ఉంటారు. మా ఇంట్లో ఆవిడ మాత్రం భూమ్మీద జరిగే కథ దేన్నీ తిరిగి చూడరు. తుంటి ఎముక విరిగి, బతుకు మంచానికీ కుర్చీకీ మధ్య పడ్డాక ఈ పిచ్చి మరీ ముదిరింది. టీవీ పెడితే ఓడలు, గ్రహాలు, నెత్తిన కొమ్ములున్న మనుషులు. ఎదురింటావిడ పేరు రోజూ మర్చిపోతారు గానీ, ఏ గ్రహానికి ఎన్ని చందమామలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

నా పని ఏడవటం. మాట వరసకి అనటం లేదు, నేను తినే తిండి అదే. పరాయి భాషల్లో తీసిన కుటుంబ సీరియళ్ళకి డబ్బింగు చెబుతాను. స్టూడియోలో నన్ను కన్నీళ్ళక్క అంటారు. మొగుడు వదిలేసిన ఇల్లాలైనా, బిడ్డ తప్పిపోయిన తల్లైనా నా గొంతులోంచి ఏడవాల్సిందే. వెక్కివెక్కి ఏడవటానికి ఒక ఊపిరి, గుక్క పట్టటానికి ఒకటి, పదిమందిలో ఏడుపు దిగమింగటానికి ఇంకొకటి. అలా ముక్కూమొహం తెలియనివాళ్ళ కష్టాలకి ఏడ్చి ఇన్నేళ్ళూ ఇల్లు నడిపాను. మా అత్తగారు అందులో ఒక్క ముక్క వినలేదు. "నువ్వు ఏడుస్తుంటే నేను వినలేనమ్మాయ్, కట్టెయ్" అనేవారు. వెక్కిరిస్తున్నారనే అనుకునేదాన్ని.

ఆవిడ మీద నాకు కోపం ఉంది. దాచటమెందుకు, చెప్పేస్తాను. మా ఆయన బస్సు డ్రైవరు. ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. అత్తగారూ నేనూ ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. నేను ఆ మెట్ల మీదే కూలబడి ఏడుస్తుంటే, ఆవిడ కంట తడి లేదు. డాక్టరుతో మాట్లాడారు. అడిగిన చోట సంతకాలు పెట్టారు. ఆయన బట్టలు, చెప్పులు సంచీలో పెట్టించుకున్నారు. అన్నీ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "పొద్దున్నుంచి నువ్వేం తినలేదు, లే" అన్నారు. కడుపున పుట్టిన ఒక్కగానొక్క కొడుకు పోతే తిండి మాట ఎలా వచ్చిందా నోటికి! అప్పటినుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకరికొకరం టీ పెట్టిచ్చుకున్నాం, ఆ రోజు మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

పోయినేడు నా గొంతులో కణితి తేలింది. తీసేశారు, ప్రమాదమేం లేదన్నారు. "మాట్లాడొచ్చు, అరవకూడదు, ఏడవకూడదు" అన్నాడు డాక్టరు. ఏడవకపోతే నాకు తిండెక్కడిది నాయనా అని అడిగాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు. మొగుడు పోయిన ఇంట్లో గొంతు కూడా పోవటమంటే గోరుచుట్టు మీద రోకటి పోటే.

నెలల తరబడి ఖాళీగా కూర్చున్నాక డబ్బింగు మాస్టరు కబురు పెట్టాడు. మాటలు రాయించేదీ, గొంతులు ఎంచేదీ, మా చేత చెప్పించేదీ ఆయనే.

"ఒక వేషం ఉందమ్మా. ఏడుపుల్లేవు, కేకల్లేవు. నీ గొంతుకి ఇబ్బంది ఉండదు" అన్నాడు.

"ఎవరికి చెప్పాలి?"

"ఓడకి."

"ఓడలో ఎవరికి?"

"ఎవరికీ కాదు, ఓడకే. అంతరిక్షంలో వెళ్ళే ఓడ. అది మాట్లాడుతుంది. పాత అమ్మాయి పని మానేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఐదో సీజను. మొదటి మూడు భాగాలు నీ చేత చెప్పించి పైవాళ్ళకి వినిపిస్తాను. వాళ్ళు ఊ అంటే నీదే. లేదంటే మాత్రం, తల్లీ, నా దగ్గర నీకిచ్చే పని ఇంకోటి లేదు."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆ ఓడ ఒక్కటే నాకు మిగిలిన దారి.

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తగారి మొహంలో రంగు మారింది. అది ఆవిడ ఓడ. నాలుగు సీజన్లూ చూసి, మళ్ళీ మొదటినుంచి చూస్తున్న ఓడ.

"నువ్వా? ఓడకా?" అన్నారు, ఇల్లు ఎవరికో రాసిచ్చేశానని చెప్పినట్టు.

"ఏం, నాకు నోరు లేదా?"

"నోరుంటే సరిపోతుందా? ఆ ఓడ ఎవరో నీకు తెలుసా అసలు?"

"ఓడ ఎవరేంటత్తయ్యా! ఓడంటే ఓడ. ఇనుము."

"అయితే నువ్వు చెప్పలేవు" అని ఆవిడ టీవీ వైపు తిరిగిపోయారు.

మా పనిలో ఒక విచిత్రం ఉంది. గొంతిచ్చేవాళ్ళం కథ చూడం. మా వంతు మాటలున్న ముక్కలే తెర మీద వేస్తారు, వాటిని లూపులంటాం. ఒక లూపు చెప్పి ఇంకో లూపుకి పోతాం. నా ముందు ఎవరు ఏమన్నారో, నా తర్వాత ఎవరు చచ్చారో మాకు అక్కర్లేదు. మొదటి రోజు నేను అలాగే వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. తెర మీద గోడలు, దీపాలు, ఒక పొడుగాటి నడవ. నోరు కదిలే మనిషే లేడు. గోడ తరఫున మాట్లాడాలి. లోలోపల నవ్వుకుంటూ మొదటి లూపు చెప్పాను.

అద్దం అవతల కూర్చున్న సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"అక్కా, ఊపిరి పీల్చావు."

"పీల్చకపోతే చస్తాను కదరా తమ్ముడూ."

"నువ్వు పీల్చుకో. ఓడ పీల్చకూడదు. ముక్కు కూడా ఎగబీల్చావు."

నిజమే. ప్రతి మాటకీ ముందు సన్నగా ఒక ఎగశ్వాస. ఏడుపు పాత్రలకి అదే ప్రాణం, ఆ శ్వాస వినగానే చూసేవాళ్ళ చేయి రుమాలు మీదకి పోతుంది. ఇన్నేళ్ళ అలవాటు, నాకు తెలియకుండానే వచ్చేస్తోంది. "ఎడమ గది తలుపు తెరుస్తున్నాను" అన్న మాట కూడా నా నోట మొగుడు చచ్చినట్టు వినిపించింది. ఇంజనీరు నా ఊపిరిని ముక్కముక్కకీ కోసేస్తూ కూర్చున్నాడు. "కోసీ కోసీ నా వేళ్ళు అరిగిపోతున్నాయక్కా" అని మొత్తుకున్నాడు. ఎలాగో రెండు భాగాలు గట్టెక్కించాం.

మూడో భాగంలో ఆ లూపు వచ్చింది.

ఓడలో మొక్కలు పెంచే ఒకావిడ ఉంది. ఆవిడ మొగుడు మరమ్మతుకని ఓడ బయటికి వెళ్ళాడు, తాడు తెగి చీకట్లోకి కొట్టుకుపోయాడు. ఇక తిరిగి రాడని ఓడకి తెలుసు. ఆవిడ తలుపు దగ్గర నేల మీద పడి ఉంది. అప్పుడు ఓడ మాట్లాడుతుంది. "బయటి తలుపు మూశాను. గదిలో వేడి పెంచాను. పొద్దున్నుంచి నువ్వేమీ తినలేదు."

కాగితం మీద ఆ మాట రెండుసార్లు చదివాను.

మొదటి టేకులో ఏడ్చాను. ఆపుకోవాలన్నా ఆగలేదు. "కన్నీళ్ళు ఇంటి దగ్గర వదిలి రావమ్మా" అన్నాడు మాస్టరు. రెండో టేకులో పళ్ళు బిగించి చెప్పాను. అది ఓడలా లేదు, అద్దె కట్టలేదని తలుపు కొట్టే ఇంటి యజమానిలా ఉంది. మూడోది, నాలుగోది. ఏడుపో, కసో, రెండిట్లో ఒకటే వస్తోంది.

"అసలు ఇదేం మాట మాస్టారూ?" అని అరిచేశాను, అరవకూడదని మర్చిపోయి. "మొగుడు పోయి పడున్నదాన్ని పట్టుకుని తిన్నావా అని అడుగుతుందా? ఇలాంటి రాకాసి మాట ఎవరు రాశారు?"

మాస్టరు కాగితాలు పక్కన పెట్టాడు. "నువ్వు ఈ సీరియల్ చూశావా?" అన్నాడు.

"ఏడుపు సీరియళ్ళే చూడను, దీన్ని చూస్తానా?"

"చూడు. శుక్రవారం మళ్ళీ రా. అప్పటికీ రాకపోతే ఇంకొకర్ని పిలవక తప్పదు."

సిగ్గు విడిచి అత్తగారిని అడిగాను. ఆవిడ గెలిచినట్టు మొహం పెడతారనుకున్నాను, పెట్టలేదు. పక్కనున్న కుర్చీ మీది దుప్పటి తీసి చోటిచ్చారు.

"ఒక్క షరతు. మొదటి భాగం చూసి మూతి ముడవకు. మొదట్లో బాగోదు. నాకే బాగోలేదు."

"మరి మీరెందుకు చూశారు?"

"మంచం మీద ఉన్నాను కదే. లేచి కట్టెయ్యలేక చూశాను."

మొదటి భాగం నిజంగానే బాగోలేదు. రాళ్ళు అట్టపెట్టెల్లా ఉన్నాయి. ఒకడికి మెడ కింద మొప్పలు అంటించారు, అవి వాడు మాట్లాడినప్పుడల్లా ఊడొస్తున్నాయి. అందరూ ఒకటే రంగు బట్టలు. ఉతికేదెవరు, ఆరేసేదెక్కడ? ఓడలో పొద్దెక్కిందంటారు, సూర్యుడే లేడు. ఏమంటే దీపాలు వెలిగితే అదే పొద్దట. నేను గొణుగుతూనే ఉన్నాను. అన్నిటికీ అత్తగారిది ఒకటే జవాబు. "ఊ, ఓపిక పట్టు" అంటారంతే.

రెండో రోజుకి గొణుగుడు తగ్గింది. మొప్పలవాడు వంటవాడని, వాడికి రుచి తెలియదని, ప్రతి గిన్నే ఓడని అడిగి ఉప్పు వేస్తాడని తెలిశాక వాడి మీద జాలి పుట్టింది. మూడో రోజు నేను మందుల కొట్టుకి వెళ్ళొచ్చేలోపు ఆవిడ ఒక భాగం ముందుకి వెళ్ళిపోతే నాకు ఒళ్ళు మండింది. "నేను లేకుండా ఎలా చూస్తారు?" అని పోట్లాడాను. "ఓడ ఇనుమన్నావుగా" అన్నారావిడ. వెనక్కి తిప్పించి మరీ చూశాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నదాని సామెత అయింది నా పని.

రెండో సీజను నడిమధ్యలో ఓడలోని ముసలి డాక్టరు చచ్చిపోతాడు. అందరికీ ఇష్టమైన మనిషి. భోజనాల గదిలో చేరి అందరూ ఏడుస్తుంటారు. ఓడ అక్కడి దీపాలు తగ్గిస్తుంది. ఫ్యాన్ల చప్పుడు తగ్గిస్తుంది. బయటి నుంచి వాళ్ళకి వచ్చే పిలుపులన్నీ తనే అందుకుని, తర్వాత మాట్లాడమంటుంది. ఎవరి మందు వేళ వాళ్ళకి గుర్తు చేస్తుంది, ఎందుకంటే ఆ పని డాక్టరుది, అతను లేడు. అప్పుడు మొప్పల వంటవాడు లేచి గోడని గుద్ది, "నీకు గుండె లేదు" అంటాడు.

"ఉందని చెప్పటానికి నా దగ్గర ఆధారం లేదు. నీ మందు వేసుకో" అంటుంది ఓడ.

నాకు కోపం తన్నుకొచ్చింది. "గుండె లేదంటావురా, నీ నోరు పడ! అందరూ చతికిలబడి ఏడుస్తుంటే మీ పనులన్నీ చేస్తున్నదెవరు? కళ్ళు కనిపించటం లేదా?" అని టీవీ మీద అరిచాను.

"అరవకు, గొంతు" అన్నారు అత్తగారు. "అది ఏడుస్తూ కూర్చుంటే వీళ్ళకి గాలి ఎవరు తిప్పుతారు, పిచ్చి వెధవలకి" అన్నారు, మామూలుగా, టీలో పంచదార చాల్లేదన్నట్టు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ తెర వైపే చూస్తున్నారు. ఆసుపత్రి వరండాలో ఆ రోజు ఆవిడ నడిచిన నడక నాకు కనిపించింది. డాక్టరు గది నుంచి బల్ల దగ్గరికి, బల్ల దగ్గర్నుంచి సంచీ దగ్గరికి, సంచీ పట్టుకుని నా దగ్గరికి. ఆరేళ్ళూ నేను ఆవిడని తిట్టుకున్న తిట్టు వంటవాడు తిట్టిందే. వాడిని తిట్టటం నాకు ఎంత తేలికైందో! ఆవిడతో ఏదైనా అనాలనిపించింది. లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాను.

శుక్రవారం స్టూడియోకి వెళ్ళాను. ఇంజనీరు లూపు వేశాడు. తెర మీద మొక్కలావిడ నేల మీద పడి ఉంది. నేను ఆవిడని చూడలేదు. చేతులు సంచీతో నిండిపోయి, నడుము నొప్పిగా ఉండి, ఎదుటి మనిషిని ముందు లేపాలి, తర్వాత సంగతి తర్వాత, అనుకునే ఒక ముసలావిడ ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడాను. మాట సాగదీయలేదు. మెత్తన చెయ్యలేదు.

"బయటి తలుపు మూశాను. గదిలో వేడి పెంచాను. పొద్దున్నుంచి నువ్వేమీ తినలేదు."

ఇంజనీరు మీట నొక్కి, "ఊపిరి లేదక్కా, కొయ్యటానికి" అన్నాడు. మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. తర్వాతి వారం పైవాళ్ళు ఊ అన్నారు. ఐదో సీజనంతా నాదే, ఇంకోటి తీస్తే అదీ నాదే. ఇంటికి వెళ్తూ బస్సులో కూర్చుని ఎన్ని రోజుల తర్వాతో హాయిగా నిద్రపోయాను.

మూడో భాగం వేసిన సాయంత్రం అత్తగారు తల దువ్వించుకుని, కుర్చీ టీవీకి దగ్గరగా జరిపించుకుని కూర్చున్నారు. మొదటి రెండు భాగాలకీ ఆవిడ తీర్పు చెప్పలేదు. "పర్లేదు, ఊపిరి కోసినచోట అతుకులు తెలుస్తున్నాయి" అన్నారంతే. ఆవిడ చెవులు అలాంటివి.

తాడు తెగింది. మనిషి కొట్టుకుపోయాడు. తలుపు మూసుకుంది. నా గొంతు గదిలోకి వచ్చింది. పొద్దున్నుంచి నువ్వేమీ తినలేదు.

ఆవిడ చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇది నా మాట" అన్నారు.

"మీదే."

"నేను ఇలా అన్నానా, ఆ రోజు?"

"ఇలాగే అన్నారు."

"నీకు కోపమొచ్చిందా?"

"వచ్చింది. మొన్న మొన్నటిదాకా ఉంది."

ఆవిడ కప్పు కింద పెట్టారు. "నువ్వు మెట్ల మీద పడి ఉన్నావు. నేనూ పడితే నిన్నెవరు లేపుతారు? ఇంటికెళ్ళాక ఏడుద్దాంలే అనుకున్నాను. ఇంటికొచ్చాక నీకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గాక నువ్వు పనికి వెళ్ళటం మొదలుపెట్టావు, నీకు వండి పెట్టేవాళ్ళు లేరు. తర్వాత నేను తుంటి విరగ్గొట్టుకున్నాను. అలా వాయిదా పడిపోయిందమ్మాయ్."

నేను టీవీ చప్పుడు తగ్గించాను.

"నీకొకటి చెప్పలేదు" అన్నారు. "ఆ బస్సులో వచ్చిన ఒకాయన ఆసుపత్రిలో నన్ను పట్టుకుని చెప్పాడు. వాడికి నొప్పి రాగానే బస్సు పక్కకి తీశాడట. బ్రేకు వేశాడట. తలుపులు తెరిచి, అందరూ దిగండి, జాగ్రత్తగా దిగండి అన్నాడట. అందరూ దిగిందాకా కూర్చున్నాడట. ఆ తర్వాతే..."

మాట అక్కడ తెగిపోయింది. ఆవిడ నోరు తెరుచుకుని ఉంది, గొంతు రావటం లేదు. తర్వాత వచ్చింది. ఇన్నేళ్ళలో ఏ సీరియల్లోనూ, ఏ తల్లికీ నేను అలాంటి ఏడుపు ఏడవలేదు, నాకు చేతకాదు కూడా. కుర్చీ చేతులు పట్టుకుని, ముసలి ఒళ్ళంతా ఊగిపోతూ, కొడుకుని చిన్నప్పటి పేరుతో పిలుస్తూ ఏడ్చారు.

నాకూ గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఆ పూట ఏడవాల్సింది ఆవిడ. వెళ్ళి కుర్చీ పక్కన నిలబడి ఆవిడ తల నా పొట్టకి ఆనించుకున్నాను.

"ఏడవండి అత్తయ్యా" అన్నాను. "మిగతావన్నీ నేను చూసుకుంటాను."